కత్తా ఎరుపు

నోరులేని జీవం అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళు ఎన్నడూ పిల్లిని పెంచి ఉండరు. నోరు లేకపోతే ఇప్పుడు ఆ తలుపు వెనకాల అనూహ్య డాక్టరమ్మ దేని లోపలికి దీపం వేసి చూస్తోంది, దేనిలోంచి పళ్ళు పీకుతోంది. అన్నీ తీసేస్తాను ఆంటీ అని ఎంత మామూలుగా చెప్పిందో, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తానన్నంత మామూలుగా, నేనూ పిచ్చిదానిలా తలూపేశాను. తలూపి ఈ ఇనప కుర్చీలో కూర్చున్నాను. ఒళ్ళో ఖాళీ బుట్ట, బుట్టలో నా పాత నేత చీర ముక్క, దాని మీద మా పిల్లి చిక్నీ చొంగ కార్చిన ఎర్రటి మరకలు. జల్‌పల్లిలో ఈ కొత్త కాలనీకి ఇంకా రోడ్డు కూడా సరిగ్గా పడలేదు, కిటికీలోంచి చూస్తే సగం కట్టిన గోడలు, గోడల పక్కన కంకర, కంకర మీద మేకలు. షాలిబండ నుంచి ఇంత దూరం ఒక పిల్లి కోసం ఆటో మాట్లాడుకుని వచ్చానంటే మా గల్లీలో నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ నవ్వుతో నాకేం పని, నాకు ఆ తలుపు తెరుచుకోవాలి, చిక్నీ బతికి బయటికి రావాలి, అంతే. "బాగా చిక్కిపోయింది ఆంటీ, మత్తు తట్టుకుంటదో లేదో నేను గ్యారంటీ ఇయ్యలేను. చెయ్యకపోతే మాత్రం అది తినదు, తినకుంటే బతకదు," అంది ఆ పిల్ల. నా కూతురు వయసు ఉంటుందేమో, చావుబతుకుల మాట అంత నెమ్మదిగా చెప్పడం ఎక్కడ నేర్చుకుందో. నేనైతే అరిచి చెప్పేదాన్ని.

చిక్నీ అని పేరు పెట్టింది మా ఆయన. ఉస్మాన్‌గంజ్‌లో మాది పోకల దుకాణం, సుపారీ, కత్తా, అదే కాచు, సున్నం, పాన్‌కు కావలసినవన్నీ టోకున అమ్ముతాం, మా మామగారి తండ్రి కూర్చున్న గద్దె మీదే ఈయనా కూర్చుంటాడు. చిక్నీ సుపారీ అని ఒక రకం ఉంటుంది, ఉడకబెట్టి ఆరబెట్టిన పోక, నున్నగా మెరుస్తూ, కొంచెం ఎరుపు తిరిగిన గోధుమ రంగు. ఈ పిల్లిదీ అదే రంగు. దుకాణంలో గోనెసంచుల మధ్య పుట్టింది, తల్లి ఏమైపోయిందో తెలియదు, ఒక సాయంత్రం మా ప్రేమ్‌రాజ్ గారు దాన్ని చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాడు. దవడలో ఎప్పుడూ ఒక పోక పలుకు, అది చప్పరిస్తూ అవునంటే తల ఇటు, కాదంటే తల అటు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ నన్ను పక్కకు పిలిచి, అల్లుడికి మాటలు వచ్చు కదా అని అడిగింది. అలాంటి మనిషి పిల్లి వచ్చాక మాట్లాడటం మొదలుపెట్టాడు, నాతో కాదు, దానితో. స్కూటర్ దిగి గేటు దగ్గర ఈల వేసేవాడు, సన్నగా, పొడుగ్గా, చివర కొంచెం పైకి లేపి. ఆ ఈలకు అది ఏ మిద్దె మీద ఉన్నా గోడలు దూకి వచ్చి కాళ్ళ దగ్గర పడేది. నాకు ఒళ్ళు మండేది. నన్ను ఎప్పుడైనా ఈల వేసి పిలిచాడా ఈ మనిషి. ఈ మధ్య ఈల మానేసి తాళాల గుత్తి ఆడిస్తున్నాడు, వయసు మీద పడింది కదా, సిగ్గుపడుతున్నాడనుకున్నాను. పొద్దున ఆటో వచ్చాక చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని కూడా ఎక్కలేదు. "నేను రాను రుక్మా. నాతోని కాదు చూసుడు. నువ్వు పో, నీకు నోరుంది," అన్నాడు. బుట్టలోకి చెయ్యి పెట్టి దాని నుదుటి మీద ఒక వేలితో రాసి, తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు నోరుంది, ఆ సంగతి షాలిబండ మొత్తానికి తెలుసు. రుక్మాబాయి గుమ్మంలోకి వచ్చిందంటే కూరగాయల బండివాడు తూకం సరిచేసుకుంటాడు. నాకు వేలికి ముల్లు గుచ్చుకుంటే గల్లీ చివరి దాకా తెలుస్తుంది, తలనొప్పి వస్తే ఇల్లంతా తల పట్టుకోవాలి. అందుకే కాబోలు, నొప్పి ఉండి కూడా చప్పుడు చెయ్యని ప్రాణి ఉంటుందని నాకు తట్టలేదు. మొదట ఏం చేసింది అది? గిన్నె చప్పుడు వినగానే ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చింది, ఆకలితో నా కాళ్ళకు చుట్టుకుంది, పాలన్నంలో మూతి పెట్టింది, పెట్టగానే గిన్నె కాటేసినట్టు బుస్సుమని వెనక్కి దూకింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దూకింది. నేను నడుము మీద చెయ్యేసుకుని, "నీకు గూడ నా వంట నచ్చుతలేదా, పో, చార్మినార్ కాడ బిర్యానీ తిను పో," అని తిట్టాను. తర్వాత గడ్డం కింద ఎప్పుడూ తడి. తల ఒక పక్కకు వాల్చి నమలబోయేది, ముద్ద జారిపోయేది, జారిన ముద్దను చూస్తూ కూర్చునేది. తర్వాత ఒళ్ళు నాక్కోవడం మానేసింది, పగలు సగం ఆ పనిలోనే ఉండే జీవి, నున్నటి ఒళ్ళు అట్టలు కట్టింది. ముందుకాలితో చెంప రుద్దుకునేది. దగ్గరికి తీసుకుంటే నోట్లోంచి కుళ్ళు వాసన. మా అత్తగారు నాగమణమ్మ మంచం మీది నుంచే తీర్పు ఇచ్చేసింది, "వేడి చేసింది దానికి, నోరు పూసింది. మజ్జిగ పొయ్యి." పోశాను. ఆయన లేచి వెళ్ళి కత్తా డబ్బీ పట్టుకొచ్చాడు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పెదవి ఎత్తి, వేలితో లోపలంతా పూశాడు. మా ఇళ్ళల్లో అదే వైద్యం, పాన్‌లో సున్నం పక్కన పూసే ఆ కత్తా ముద్దే నోటి పూతకు మందు, నా పిల్లల నోళ్ళకూ మా అత్తగారు అదే రాసింది. చిక్నీ కదలకుండా పూయించుకుంది. ఆయన చెయ్యి కదా. ఆ తర్వాత చొంగ ఎర్రగా కారినా, అది కత్తా రంగే అనుకున్నాం ఇంటిల్లిపాదీ.

మొదటిసారి ఇక్కడికి తెచ్చినప్పుడు అనూహ్య దాని తల వెనక నుంచి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలితో కింది దవడ మెల్లగా దించింది. నేను చిక్నీని తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాను. "ఇదేందాంటీ, అంతా ఎర్రగ? ఏం పూసిండ్రు?" అంది. కత్తా అన్నాను. "కత్తానా! పాన్‌ల వేస్తరు, అదా?" అని నోరెళ్ళబెట్టింది, పాపం చదువుకున్న పిల్ల, నవ్వాలో ఏడవాలో తెలియలేదు దానికి. "ఇగ నెత్తురేదో కత్తా ఏదో నాకెట్ల తెలియాలె?" అంటూ సిరంజిలో గోరువెచ్చని నీళ్ళు తీసి కొంచెం కొంచెంగా కడిగింది, గాజుగుడ్డతో అద్దింది. ఎరుపు కారింది, పలచబడింది, ఆగింది. ఆగాక కూడా లోపల ఒక ఎరుపు మిగిలింది. "ఇగో, కడిగితే పోనిదే పుండు," అంది. అప్పుడు చూశాను. ఇన్నేళ్ళు ఇంట్లో తిరిగిన పిల్లి నోట్లో ఏముందో అప్పుడు చూశాను, ఆ చిన్న దీపం వెలుగులో. అంగిట్లో మెట్లు మెట్లుగా గీతలు, ఎవరో కూర్చుని ఓపికగా దిద్దినట్టు. నాలుక మీద సన్నటి ముళ్ళు, అన్నీ గొంతు వైపే వంగి, ఒక్కటి కూడా ఎదురు తిరగలేదు. ఇంత చిన్న నోట్లో ఇంత పని ఎవరు చేశారు, దేవుడా, ఎలుకను చీల్చే కోర పక్కనే పిల్లను నాకే నాలుక. లాడ్ బజార్‌లో గాజుల మీద రాళ్ళు పొదిగేవాళ్ళను చిన్నప్పుడు గంటలకొద్దీ నిలబడి చూసేదాన్ని, అప్పుడు కూడా నాకు ఇలాగే ఊపిరి ఆడేది కాదు. ఆ పొదిగిన పని చివర, రెండు దవడలూ కలిసే చోట, దానిమ్మ గింజలు చిదిపినట్టు పచ్చి మాంసం ఉబ్బి ఉంది. కళ్ళు తిప్పుకోలేకపోయాను.

ఆ పిల్ల నాకు ఓపికగా చెప్పింది. పళ్ళ మీద పట్టే పాచిని చూసి వీటి ఒంట్లోని కాపలా శక్తి శత్రువనుకుంటుందట, దాని మీదికి వెళ్ళబోయి సొంత నోటినే కాల్చేసుకుంటుందట, కొన్నిటికి వెనకాల ఏదో వైరస్ కూడా ఉంటుందట. "పండ్లు లేకుంటే పాచి లేదు, పాచి లేకుంటే లొల్లి లేదు. చానా పిల్లులు మంచిగైతయి ఆంటీ, కొన్నిటికి మందులు ఇంక వాడాలె." ముందు నెత్తురు పరీక్ష చేసింది, కిడ్నీ చెడినా నోట్లో పుండ్లు వస్తాయని, కిడ్నీ బాగుందంది, నేను తెలియకుండానే చెంపలేసుకున్నాను. మనుషుల గోలీ ఏదైనా వేశారా, పారాసిటమాల్ లాంటిది, అని గుచ్చి గుచ్చి అడిగింది. "అది ఒక్కటి చాలు పిల్లి సచ్చిపోనీకి." వెయ్యలేదమ్మా అన్నాను. కత్తాతో ఆగాం, మా కత్తా పిచ్చే కాపాడిందేమో, ఎవరికి తెలుసు. నొప్పికి చుక్కల మందు ఇచ్చి, రేపు కాదు ఎల్లుండి తెమ్మంది. నేను ఊరుకుంటానా, నాకు నోరుంది కదా, అడిగాను. "మరి అంత నొప్పుంటే రోజూ రాత్రి నా కాళ్ళ కాడ పండుకొని గుర్రుగుర్రుమంటదేంది? సంతోషంగ లేకుంటే గుర్రుమంటదా?" ఆ పిల్ల దాని చెవి వెనక రాస్తూ, "సంతోషానికే కాదాంటీ, నొప్పికి గూడ గుర్రుమంటయి. తమను తామే సముదాయించుకుంటయేమో అంటరు," అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రాత్రుళ్ళు ఆ చప్పుడు వింటూ ఎంత హాయిగా నిద్రపోయానో నేను. పచ్చి పుండు నోట్లో పెట్టుకుని, అది తనకు తానే జోలపాట పాడుకుంటుంటే, ఆ జోలకు నేను నిద్రపోయాను.

ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. లోపల మిషన్ బీప్ బీప్ అంటున్నది కూడా ఆగినట్టనిపించి లేచి నిలబడిపోయాను, బుట్ట కిందపడింది, మళ్ళీ ఎక్కడో టక్కుమని ఇన్వర్టర్ అందుకుంది, బీప్ వినిపించింది. ఎదురు కుర్చీలో ఒళ్ళో పావురాన్ని పెట్టుకున్న ముసలాయన నన్నే చూస్తున్నాడు. "క్యా హువా అమ్మా, బిల్లీకో?" అన్నాడు, పిల్లికేమైందని. పళ్ళన్నీ తీసేస్తున్నారు భాయ్, "సారే దాంత్ నికాల్ రైఁ," అన్నాను. "సారే? ఫిర్ ఖాతీ కైసా?" పళ్ళే లేకపోతే ఎలా తింటుందట, అదే కదా నా ఏడుపూ. ఆయన కాసేపు తన పావురాన్ని నిమిరి, దాని ముక్కు వైపు చూసి, "కబూతర్ కో కాఁ హైఁ దాంత్? ఖాతాచ్ నా," అన్నాడు, పావురానికి పళ్ళెక్కడున్నాయి, అది తినడం లేదా అని. తనకే ఆ సంగతి కొత్తగా తెలిసినట్టు మళ్ళీ పావురం వైపు చూసుకున్నాడు. నేనూ చూశాను. నిజమే. గింజ మింగి మిద్దెల మీద తిరిగే ప్రాణి, పన్ను లేకుండా చార్మినార్ ఎత్తుకు ఎగురుతుంది. మళ్ళీ కూర్చున్నాను.

కిందపడిన బుట్ట తీసి చీర ముక్క మడత పెడుతుంటే ఆ మరకలు మళ్ళీ చేతికొచ్చాయి. కత్తా మరక ఒక పట్టాన వదలదు, నిమ్మరసం వేసి రుద్దినా గోధుమ రంగు నీడ మిగులుతుంది, ఆ దుకాణపు ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని నాకు తెలియనిదా. ఆయన రుమాళ్ళు, ఆయన దిండు గలీబులు, ఈ మధ్య మరీ ఎక్కువ, పొద్దున లేచేసరికి దిండు మీద పెదవి పక్కన మరక. పిల్లికి పూసీ పూసీ చేతులకు అంటించుకుంటున్నాడని అరిచాను కూడా. ఆ డబ్బీ దుకాణంలో ఉండక స్నానాలగది గూట్లో ఎందుకు, గూడంతా ఎర్రటి వలయం, మా ఆడపడుచు కూతురు గీతాంజలి పెళ్ళికి ఇంటికి సున్నాలు వేయించినప్పుడు ఎంత గీకినా పోలేదు, ఎంత లొల్లి చేశానో ఆ రోజు. గీతాంజలి పెళ్ళికి. ఆ పెళ్ళికి మిగిలిన మటన్ బొక్కలు చిక్నీ మిద్దె మీద కూర్చుని పటపటా కొరికింది, మా అత్తగారు ఆ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని తిట్టింది. అప్పటికి చిక్నీ నోరు బాగానే ఉంది. బొక్కలు కొరికే నోటికి పుండు ఎక్కడిది. మరి ఆ డబ్బీ ఎవరి నోటి కోసం గూట్లోకి వచ్చింది?

బుట్ట అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఫ్యాను తిరుగుతోందో ఆగిందో కూడా తెలియలేదు. కూరలో కారం ఎక్కువైందని ఎన్నిసార్లు అన్నాడు, ముప్పొద్దులా అదే మాట, నా చేతి కారం ఇన్నేళ్ళు తిని ఇప్పుడు ఎక్కువైందా, మీ అమ్మనే వండమనండి అని పళ్ళెం ముందే పోట్లాడాను, ఒక్క మిరపకాయ తగ్గించలేదు. పళ్ళెం జరిపి పెరుగన్నం తినేవాడు. రొట్టె చాయ్‌లో ముంచి, ముంచి, మెత్తగా అయ్యేదాకా చూసి. తల ఒక పక్కకు వాల్చి. మిర్చి బజ్జీ అంటే ప్రాణం పెట్టే మనిషి బండి ముందు నుంచి తల వంచుకుని వెళ్ళిపోవడం నా కళ్ళతో నేనే చూశాను, బీపీకి భయపడుతున్నాడులే, బుద్ధి వచ్చింది అనుకున్నాను. పొద్దంతా మాల్ చూస్తాడు కదా, లారీ దిగిన ప్రతి సంచిలోంచి ఒక పోక తీసి, అడకత్తెరలో పెట్టి పగలగొట్టి, ఒక పలుకు దవడలో వేసుకుని కళ్ళు మూసుకుంటాడు, ఏ ఊరి తోటదో, పాత పంటో కొత్త పంటో చెబుతాడు, ప్రేమ్‌రాజ్ సేట్ నాలుక మీద పెట్టి చెప్పాడంటే ఉస్మాన్‌గంజ్‌లో తిరుగు లేదు. ఉమ్మడు. అంత మంచి మాల్ ఉమ్మడమా అంటాడు. మా మామగారూ అలాగే చేసేవాడు, చివరి రోజుల్లో ఆయనకు గ్లాసులో గొట్టం వేసి తాగించాం, వయసు అన్నారు, వేడి అన్నారు, ఎవరమూ నోరు తెరిపించి చూడలేదు. ఈల. అమ్మో, ఈల. సిగ్గుపడి మానలేదు. ఈల రావడం లేదు ఈయనకు.

నోరులేని జీవం ఎవరు మరి? ఇద్దరు ఉన్నారు నా ఇంట్లో. ఇద్దరూ నా ముందే తల వాల్చి నమిలారు, ఇద్దరినీ నేనే తిట్టాను. ఎంత గొప్ప దాచుడు, ఎంత ఓపిక, నేను గొంతెత్తి అరుస్తున్న ఆ ఇంట్లోనే ఇంత నిశ్శబ్దంగా ఇంత నొప్పి కాపురం చేసిందా? నాకు కోపం రాలేదు, వస్తుందనుకున్నాను, రాలేదు. ఫోన్ తీసి ఆయనకు చేశాను. "ఎక్కడున్నరు?" అవతల ఏదో మేక అరుపు వినిపించింది, కిటికీ బయటి మేకా అదే అరుపు అరిచింది. ఆయన, "కిందనే ఉన్న," అన్నాడు. "ఎప్పటిసంది?" కిటికీలోంచి వంగి చూశాను, కంకర కుప్ప పక్కన స్కూటర్, దాని మీద ఆయన, నా ఆటో వెనకాలే వచ్చి ఉంటాడు. "పైకి రాండ్రి," అన్నాను, నా గొంతు ఎలా ఉందో ఏమో, మెట్లెక్కి వచ్చాడు, వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దవడలో పోక పలుకు ఉబ్బుగా కనిపిస్తోంది. అడగబోయాను, అప్పుడే తలుపు తెరుచుకుంది.

"అయిపోయిందాంటీ. ఎక్స్‌రే గూడ తీసిన, వేర్లేం మిగల్లే. ఊపిరి మంచిగనే ఉంది గానీ, ఇంక లేస్తలేదు. ఇప్పటికే కదలాలె." అనూహ్య ముఖం మీద చెమట. "లోపలికి రాండ్రి, మీ గొంతు ఇంటదేమో చూద్దాం." బల్ల మీద వెచ్చటి దుప్పటిలో చిక్నీ, ఇంత చిన్నదా ఇది, నాలుక ఒక పక్కకు వేలాడుతోంది, పక్కన స్టీలు పళ్ళెంలో దాని పళ్ళు, బియ్యంలో ఏరిన నూకల్లాంటివి, మధ్యలో కోరలు. ఈ నూకలేనా దాన్ని ఇంత బాధ పెట్టింది. చిక్నీ అన్నాను. చిక్నీ, ఏయ్ చిక్నీ, లేవే, పాలు పోస్తా లేవే, గల్లీ అంతా వినిపించే గొంతుతో పిలిచాను, మీసం కూడా కదల్లేదు. "రోజూ ఎట్ల పిలుస్తరో అట్ల పిలువుండ్రి," అంది అనూహ్య. నేను ఆయన వైపు చూశాను. ఆయన జేబులు తడుముకున్నాడు, తాళాల గుత్తి లేదు, దుకాణం తెరవమని గుమాస్తా మొగులయ్యకు ఇచ్చి వచ్చాడట. దగ్గరికి వచ్చాడు, వంగాడు, దాని చెవి దగ్గర మొహం పెట్టి, పెదవులు ముందుకు చాచబోయాడు. అవి రాలేదు. గుండ్రంగా తిరగలేదు. చెంపలు చెక్కలా బిగిశాయి, మెడ నరాలు లేచాయి, ఉత్త గాలి వచ్చింది, ఫూ అని, పొయ్యి ఊదినట్టు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ గాలి, కాకపోతే పొడుగ్గా, సన్నగా, చివర కొంచెం పైకి లేచి. చప్పుడు లేని ఈల. నేను ఆయన పెదవుల వైపే చూస్తున్నాను, అందుకే ముందు అనూహ్య చూసింది, "ఆంటీ, చెవి!" అంది. చిక్నీ కుడి చెవి ఆ గాలి వైపు తిరిగింది. మెల్లగా, చిన్న గుమ్మంలో తలుపులా తిరిగింది. ఇంకోసారి ఊదాడు. కన్ను తెరుచుకుంది, పొర పొరగా, ఎక్కడికో చూసింది, నాలుక లోపలికి వెళ్ళింది, మళ్ళీ బయటికి వచ్చి ఆయన చూపుడు వేలిని ఒకసారి నాకింది. పళ్ళు లేకపోతేనేం, ఆ ముళ్ళన్నీ ఉన్నాయి కదా, గొంతు వైపు వంగి, ఎవరో పొదిగినవి. అది ఏ గాలిని విని వెనక్కి వచ్చిందో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. గడ్డం కింద చేతులు జోడించుకుని నిలబడ్డాను. ఆయన కళ్ళనీళ్ళు దుప్పటి మీద పడుతున్నాయి, చప్పుడు లేకుండానే.

"సాయంత్రానికి మెత్తగ కలిపి పెడితే తింటదాంటీ," అంటోంది అనూహ్య, అంటూనే ఆయన వైపు, ఆయన చెంపల వైపు చూస్తోంది, తనకూ అర్థమైనట్టుంది. నేను ఆయన మూతి కింద అరచెయ్యి పట్టాను. "ఉమ్ముండ్రి," అన్నాను. "ఏంది రుక్మా?" "దవడల ఉన్నది ఉమ్ముండ్రి." ఇంత మెల్లగా నేను ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు, అందుకే భయపడ్డాడేమో, పోక పలుకు నా చేతిలో ఉమ్మేశాడు, ఎర్రగా, వెచ్చగా. పక్కనే కుళాయి. పుక్కిలించమన్నాను. నీళ్ళు ఎర్రగా పోయాయి, గోధుమ రంగుగా పోయాయి, ఇంకోసారి అన్నాను, తేటగా పోయాయి. "నేను మనుషుల డాక్టర్‌ని కాను అంకుల్," అంది అనూహ్య మెల్లగా, "కానీ పోక నమిలి నమిలి నోరు ఇట్లనే బిగుసుకపోతది, ఇయ్యాల్టి నుంచి పోక బంద్ చెయ్యుండ్రి. రేపు పొద్దుగాలనే పండ్ల దవాఖానకు పోయి చూపెట్టుండ్రి. ఎంత జల్దీ పోతె అంత ముదరకుండ ఆపొచ్చు." దీపం నా చేతికి ఇచ్చింది. నోరు తెరవమన్నాను. తెరిచాడు, తెరిచినంతా అదే, నా రెండు వేళ్ళు కూడా పట్టవు. ఎంత పోట్లాడాను ఈ నోటితో, ఎన్ని జవాబులు అడిగాను, ఒక్కసారి లోపలికి చూడలేదు. దీపం వేశాను. కత్తా అంతా పోయింది, ఎరుపు లేదు, చెంపల లోపల, అంగిట్లో, అంతటా సున్నం కొట్టినట్టు తెలుపు, తెలుపులో బిగుసుకున్న తాళ్ళు, ఒక మూల చిన్న పుండు. నోట మాట రాలేదు నాకు. రుక్మాబాయికి నోట మాట రాలేదు. నా ముఖం చూశాడేమో, నోరు అలా తెరిచి ఉండగానే, మాట్లాడే వీలు లేక, గొంతులోంచి గుర్రుమన్నట్టు ఊఁ ఊఁ అన్నాడు, ఏం కాలేదులే అన్నట్టు, ఆగకుండా, మెత్తగా. ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు.